చివరి పేజీ

జడ్చర్ల చౌరస్తా దాటినంక
పెట్రోల్ బంకు పక్కన రోహిణి బార్ల
ఏసీ రూముకు రేటు వేరు.
మేం నలుగురం బయట ఫ్యాను కిందనే కూసుంటం.

ఊశన్న మెనూ తెరువడు, వానికి నోటికొచ్చు.
చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్, బోటి ఫ్రై
ఎక్కాలు ఒప్పజెప్పినట్టు చెప్తడు.
చెన్నకేశులు ప్రతిదానికి తల ఊపుతడు.
జహంగీర్ తాగడు, థమ్సప్‌తోని చేప తింటడు.
తిరిగి తిరిగి ఆ అట్ట నా తానకొస్తది.
నేను వెనుక నుంచి మొదలువెడ్త,
ఉర్దూ పుస్తకం తీరుగ.

చివరి పేజీ. ఆకుపచ్చ చుక్క,
నూనె మరక వడి అది గూడ సగం మాసింది.
గోబీ మంచూరియా, బేబీ కార్న్ మంచూరియా,
మష్రూమ్ మంచూరియా, పనీర్ మంచూరియా.
ఒక్కటే ఎర్ర అంగి
నలుగురు అన్నదమ్ములు మార్చుకొని తొడుక్కున్నట్టు.
ఆ కింద ఫింగర్ చిప్స్.
పెన్నుతోని కొట్టేసిన వెజ్ సూప్.
వెజ్ బిర్యాని ఉన్నది గాని
అది ముక్కలు ఏరేసిన బిర్యాని,
నాకెర్కే.

"పనీర్ తినరాదురా" అంటడు ఊశన్న, దయతోని.
పనీర్ నాకేం చుట్టం?
మా ఇంట్ల పాలు ఇరిగిననాడు
అవ్వ పొద్దుమూకేదాక ఎవ్వరితోని మాట్లాడకపోయేది.

ఎందుకు మానేసినవని అడుగుతరు.
షుగరా, మాలేసినవా, ఎవరన్న బాబా చెప్పిండా?
మా నాయిన గొర్లు గాసిండు అంట.
"అయితే ఇంక తినాలె గద!" అంటరు.
నేను పల్లీలు ఒలుస్త.

నాకేం గావాల్నో ఎవ్వడు అడగలే.
అడిగితే చెప్తుంటి.
కోడి వేగిన నూనెల గోబీని ముంచకు.
ముంచితివా, ముంచలేదని ఒట్టు వెట్టకు.
మందు పక్కన కారం గావాలె,
పంటి కింద పటుక్కుమనేది గావాలె,
ఈ తీపి ఎర్ర పాకం గాదు.
ఈదుల వనంల కల్లు కాడ
జంగమ్మ గంపల బబ్బెర గుడాలుండేవి.
ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఇంత నిమ్మకాయ పిండి
మోదుగాకుల పొట్లం గట్టిచ్చేది.
ఆమె మెనూ ప్రింటు కొట్టియ్యలే.
బోటికి ఒక గంప, గుడాలకు ఒక గంప,
గంటెలు రెండు.
నీదే కులం, నీదే పట్టింపు అని అడగలే.
"ఎంతకు?" అనేది, గంతే.

నిన్న రాత్రి
సర్వర్ పిలగాడు బలరాం, ఒడిశా నుంచి వచ్చినోడు,
మూడో మంచూరియా కాడున్నప్పుడు ఆపిన.
"బిడ్డా, మీ వంటాయన ఏం తింటడు?"
వాడు నవ్విండు. కిచెన్ దిక్కు చూసిండు.
"మాస్టర్‌ది మక్తల్ సార్. మాస్టర్ రొట్టె తింటడు."
అదే తే.

ఇరవై నిమిషాలు వట్టింది.
స్టీలు ప్లేట్ల రెండు జొన్నరొట్టెలు,
మొకం నిండ పెంక మచ్చలు.
గట్టి పుంటికూర పప్పు, చింతకాయ తొక్కు,
ముష్టితోని గుద్ది పగలగొట్టిన ఉల్లిగడ్డ.
టేబుల్ మీద మాట ఆగింది.

"ఏంరా అది" అని ఊశన్న ఒక తునుక తుంపిండు.
చెన్నకేశులు తొక్కు అద్దుకున్నడు.
జహంగీర్ చేప ముల్లు పక్కకు వెట్టి
చెయ్యి తుడ్చుకొని మరీ వచ్చిండు.
నేను గ్లాసుల నీళ్లు కలుపుకొని తలెత్తేసరికి
ప్లేట్ల ఉల్లిపొర మిగిలింది.

బిల్లొచ్చింది. మెనూల లేనిదానికి
అదర్స్, అరవై, అని రాసిన్రు.
అదర్స్.
ఇన్నేండ్లకు నా పేరు తప్పు లేకుండ రాసిన్రని
మడిచి జేబుల వెట్టుకున్న.

జహంగీర్ కారు తిప్పుకొచ్చిండు.
ఎక్కంగనే ఊశన్న అన్నడు,
"రొట్టె మస్తుండెరా.
నువ్వు తిన్నవా?"