బోనం కత్తి

జుమ్మేరాత్ బజారుల గౌస్ మియా
కత్తి తెరవకముందే పిడిని వాసన చూసిండు.
"కొమ్ము. ఎద్దుది కాదు, బర్రెది.
తడిపి చూడు, ఇంకా బర్రె వాసనే వస్తది."

నేనడగొచ్చింది రెండే ముక్కలు:
ఎవరు చేసిండ్రు, ఎప్పుడు చేసిండ్రు.
ఇంట్ల అయితే జవాబు తయారుగ ఉన్నది.
నిజాం ఇచ్చిండట.
ఈ ఊర్ల పాతబడ్డ ప్రతి వస్తువూ నిజాం ఇచ్చిందే,
మా పక్కింటోళ్ల మూత పగిలిన ఊరగాయ జాడీతో సహా.

ముత్తాత రామలచ్చయ్యకు చదువు రాదు.
కత్తి మెడ మీద అచ్చుపడ్డ గుర్తును
ఆయన బోనం అన్నడు.
కింద కుండ, మీద దీపం, అటిటు రెండు వేపమండలు.
అందుకే బోనాల ఆదివారం
ఎంత పెద్దమనిషి కబురు పెట్టినా పోకుండ
కత్తికి పసుపు రాసి గూట్ల పండబెట్టేటోడట.
తాత కుండనే చూసిండు. నాయిన కుండనే చూసిండు.
నేనూ.

గౌస్ మియా కంటికి గడియారపోళ్ల అద్దం బిగించిండు.
"తాజ్," అన్నడు.
కిరీటం.
దాని కింద సగం బతికున్న ఇంగిలీసు అక్షరాలు,
ఎస్, హెచ్, ఈ, రెండు ఎఫ్‌లు.
షెఫీల్డు.
దాని మీద, చేసినోని పేరుండే జాగల
ఏమీ లేదు. నున్నటి పల్లం.

"తుప్పు కాదు బేటీ. తుప్పు తింటే గుంతలు పడతయి.
ఇది బొటనవేలు తిన్నది.
దేశం పేరు కొట్టలేదు చూడు,
కొట్టాలనే కానూను రాకముందుది.
నూటముప్ఫై ఏండ్లనుకో, పది అటో ఇటో.
అంతకంటె ఖాయంగ ఎవడన్న చెప్తే
వాడు అమ్మేటోడు."

గోరుతోని అంచును మీటిండు.
నాలుగిండ్ల అవతల ఎవరో గిన్నె దించినట్టు
సన్నగ మోగింది.
"కడుపు లోపలికి తీసిండ్రు, అందుకే గొంతున్నది.
మడమ కాడ చూడు, ఎంత వెడల్పున్నదో,
నడుమ కాడికి వచ్చేసరికి ఎంత పోయిందో.
పోయిందంత మీవోళ్ల సానరాయి మీదనే పోయింది."

ఆ నల్ల నీళ్లు నాకు తెలుసు.
శాలిబండ గల్లీల పొద్దున్నే నాయిన పారబోసేటోడు.
దాని మీద కాలు పెడితే అమ్మ తిట్టేది.

పిడిని తిప్పిండు. మళ్ల తిప్పిండు.
మేకు కింద బిళ్ల, నువ్వుగింజ కంటె కొంచెం పెద్దది.
అద్దం నా కంటికి పెట్టి, "చదువు," అన్నడు.
నాకు ఉర్దూ రాదన్న.
"రెండు పైల నాణెం కోసి బిళ్ల చేసిండు మీ ముత్తాత.
నాలుగు, తొమ్మిది. పదమూడొందల నలభై తొమ్మిది.
మీ లెక్కల ముప్ఫై.
విలాయతోడు ఎప్పుడు చేసిండో అల్లాకెరుక,
కానీ మీవోడు అంతకు ముందైతే బాగు చెయ్యలే.
ఇది పక్కా."

పైసలు కోసి బిళ్ల చేసిన మనిషి!
ఆ పొద్దు ఇంట్ల ఏం తిన్నరో.

"నామ్ గయా, కామ్ హై," అనుకుంట
కత్తి మూసి నా చేతిల పెట్టబోయి ఆగిండు.
అంబర్‌పేటల పార్లరు నాది.
పదకొండేండ్లుగ దారంతో కనుబొమ్మలు తీస్తున్న.
చూపుడువేలి మీద దారం కోసిన గాడి ఉన్నది,
సబ్బు పెట్టినా, నూనె రాసినా పోనిది.
ఆయన దాన్ని అద్దం పెట్టే చూసిండు.
ఏమీ అనలే. సాన పట్టిన పైసలు కూడా తీసుకోలే.

రాత్రి అమ్మతోని చెప్పిన,
అది బోనం కాదంట, రాణీల కిరీటమంట.
అమ్మ కత్తిని ట్యూబులైటు కిందికి పట్టుకపోయింది.
అద్దాలు కూడా పెట్టుకోలే.
చానాసేపు చూసింది.

"అయితే," అన్నది,
"కిరీటం మీద దీపమెందుకున్నదే?"