తాపీ

ఫెర్రీ దాటి, ఇసుక తిన్నె మీద
టెంటు లేపాక గుర్తొచ్చింది
అందరికీ ఒకేసారి, ఎవరూ పైకనని మాట.

ఇంట్లో రెండు బాత్రూములు.
ఇక్కడ రెల్లు దుబ్బులు,
దూరంగా థర్మల్ గొట్టాల ఎర్ర దీపాలు.

హన్విక మంచినీళ్ళు మానేసి
పొద్దుగూకేదాకా బిగబట్టింది.
"ఫ్లష్ ఎక్కడ నానమ్మా?"

మా అత్త సామ్రాజ్యమ్మ
సంచిలోంచి మామయ్య తాపీ తీసింది,
సింగ్ నగర్లో ఎన్ని గోడలు లేపిందో అది.
ఒక చెంబు, పాత లుంగీ.

"ఏటి పక్కన వద్దు, దిగువన బెజవాడ తాగుద్ది.
గట్టెక్కు, మట్టి చూడు.
జానెడు లోతు తియ్యి. అయ్యాక పూడ్చు.
కాగితం మాత్రం కవర్లో."

లుంగీ చెరో కొసా పట్టుకుని
అటు తిరిగి నిలబడ్డాం.
అప్పుడంది, నాతో కాదు, చీకటితో:
"మాకు కాలవగట్టే.
లారీ లైటు పడితే
సగంలో లేచి నిలబడేవాళ్ళం.
పద్దెనిమిదేళ్ళు."

లుంగీ వెనక నుంచి
"నానమ్మా, ఎన్ని చుక్కలో!"
"ఆఁ, మేమూ చూశాం లేవే
లేస్తూ, కూచుంటూ."

తాపీ తోమి, కడిగి
బొగ్గుల పక్కన ఆరబెట్టింది.
ఏమీ తెలియని మా ఆయన
దాంతో చేప తిరగెయ్యబోయాడు.

"ఒరేయ్!"
ఆ కేకకి రెల్లులో
కొంగలన్నీ లేచాయి.