బార్దాను

సున్నా నుంచి పది దాక
ఎంత నొప్పి, ఓదెలన్నా?
కాయితం మీద నవ్వే మొఖం, ఏడ్సే మొఖం
వరుసగా చూపిచ్చిన.
శానసేపు చూసి
"ఇండ్ల మా దడ్వాయి మొఖం లేదు" అన్నడు.

ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఒక్క ఏండ్లు
మిర్చి బస్తాలు మోసిన ఈపు.
ఇప్పుడు పక్కకు తిప్పాల్నంటే
ఇద్దరం పట్టాలె.
పదంటే ఏందో ఆయనకు ఎర్కలేదు
నలభై కిలోలంటే ఎర్క.
"పొద్దుగాల ఒక్క బస్తా.
ఎండెక్కినంక రెండు.
రాత్రయితే...
లారీ మొత్తం నా ఒక్కని మీదనే దించుతరు."
రిజిస్టర్ల తొమ్మిది అని రాసిన.
రాసినంక సిగ్గైంది.

మొన్న ఇచ్చిపోయిన మార్ఫిన్ గోళీలు
ఎనభైకి ఎనభై అట్లనే ఉన్నయి,
బియ్యం డబ్బా అడుగున, పాత రైక గుడ్డల మూటగట్టి.
"గది మత్తుమందట గద సిస్టరమ్మా" అన్నది కనకలచ్చి,
"షురూ జేత్తె ఇగ ఆఖరేనని గల్లీల అందరంటున్నరు."
ఆయన గోడ దిక్కు చూస్తున్నడు.
ఆయన నొప్పికి మూలుగు లేదు.
చద్దరు అంచును పట్టుకుంటది,
బస్తాకు కొక్కెం ఏసినట్టు.

తొడిమలు తీసే మిర్చి కుప్ప పక్కన
తుమ్ముకుంటనే కూసున్న.
వదినె, బస్తా ఎత్తేటప్పుడు ఇంకో మనిషి చెయ్యేత్తె
మోసేటోడు సస్తడా?
"ఎందుకు సస్తడు."
గీ గోళీ గా రెండో చెయ్యి.
చావును తోల్కరాదు, ఆపనూ ఆపదు.
ఆమె నమ్మలేదు.
నాకు చాయ పోసిచ్చింది.

మందు ఏసుకుంటే కడుపు బిగబడ్తది,
విరేచనాల మందు మర్వొద్దని చెప్తుంటే
ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకుని నవ్విండ్రు.
ఆ ఇంట్ల నేను విన్న మొదటి నవ్వు.

ఆ రాత్రి రెండింటికి ఫోను.
"ఏసిన. పండుకున్నడు.
నాకే నిద్రవడ్తలేదు, ఊపిరి చూసుకుంట కూసున్న."
పొద్దున ఆరింటికి మళ్ళ ఫోను.
"లేచిండు. పచ్చిపులుసుల కారం లేదని తిట్టిండు."
తిట్టిండని చెప్పుకుంట ఏడ్సింది.

గడియారం చూసుడు ఆమెకు రాదు.
పక్కింటి పోరడు టైం చెప్తడు,
గోళీకొక తొడిమ, కిటికీల సీసాల ఏస్తది.
పోయినప్పుడల్లా నేను ఆ సీసానే చూసేది.
ఒకనాడు ఆయన గడప కాడ కూసోని
పాత జతగానితోని బీడీ కోసం కొట్లాడుతున్నడు.
నేను చూడనట్టు లోపలికి పోయిన.

మిగిలిన గోళీలు వాపస్ తీసుకుపోవాలె,
ఒక్కొక్కదానికి లెక్క ఉంటది.
పెద్దకర్మ కాకముందే పోవుడు నాకు ఇష్టం లేకుండె.
ఆమె సీసా బోర్లిచ్చింది.
తొడిమలు అరవై తొమ్మిది.
గోళీలు పదకొండు.
మార్కెట్ల కాంట కూడ గంత నికరంగ ఉండదు.

ఆఖరి రోజు అడిగినవా వదినె, ఎంత బరువని?
"అడిగిన.
బస్తా దిగింది, ఇగ బార్దానే అన్నడు."

కాంట మీద బార్దాను బరువు కోసేస్తరు.
రైతుకిచ్చే చిట్టిల ధర దానికి పడదు.
నా రిజిస్టర్ల కూడ దానికి గడి లేదు.
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళ పెట్టిన.
ఈ తొడిమలు ఏం జెయ్యాలె అని అడిగిందామె.
నాకు తెల్వలేదు.

ఇంకా నాలుగిండ్లు ఉన్నయి.
కరీమాబాద్ల ఒక ముసలామె,
రొమ్ము మీద పుండు, కొత్త పేరు.
మంచం పక్కన స్టూలు గుంజుకున్న.
మొఖాల కాయితం సంచిలనే ఉంచి అడిగిన:
అవ్వా, నువ్వు ఏం పని చేస్తుంటివి?