అయిదో గీర

పోయిన వానకాలం డిండి దాటినంక
చీకట్ల, ఎనుక ఎడమ టైరు కూసున్నది.
స్టెప్నీ బండి కడుపు కింద.
బండిల పదకొండు బస్తాల బత్తాయి.
బురదల ఎల్లెలకల పండి రాడ్డు తిప్పుతుంటే
తుప్పు రాలి కండ్లల్ల వడ్డది గని
గొలుసు దిగలే.

తెల్లారి ఒక కోళ్ల వ్యానాయన ఆగి
ఉలీ సుత్తెతోని గొలుసు తెంపిండు.
తెంపుడు అల్కగనే అయింది.

అప్పటిసంది స్టెప్నీ బత్తాయిల నడుమనే తిరిగింది.
రెండు బస్తాలు తక్కువ. బండంత రబ్బరు వాసన.
మార్కెట్ల దళారి కాయను ముక్కుకాడ వెట్టుకొని
"ఇది పండ్ల బండా, పంచరు దుకాణమా?"
అన్నడు. అని, ధర తగ్గించిండు.

మల్లేపల్లి అడ్డరోడ్డు కాడ కనకాచారి వెల్డింగు.
పందొమ్మిదేండ్ల స్కార్పియో చుట్టు
ఒక్క తిరుగుడు తిరిగిండు, సంతల ఎద్దును జూసినట్టు.
ఎనుక డోరుకు బిగియ్యమన్న.
బొటనేలుతోని నొక్కిండు.
రేకు లోపలికి వోయి, టప్పున బయటికొచ్చింది.

"గిది డోరు గాదు, డబ్బా మూత.
టైరు ముప్పై కిలోలు.
గుంతల వడ్డప్పుడల్ల గా ముప్పై, తొంభై అయితది.
రెండు కబ్జాలు ఎన్నొద్దులు మోస్తయి?"

చాసిస్ కాడికెల్లి మొదలువెట్టాలంట.
పాత బంపరు ఇప్పాలె, ఇనుప చానల్ ఎయ్యాలె,
ఒక కొసకు నిలువు మొల,
మొల చుట్టు తిరిగే చెయ్యి.
దొడ్డి గేటు లెక్క తీస్తే రావాలె, ఏస్తే పడాలె.
"చేతికి మంచి పైపు దొరకాలె" అన్నడు.

నా కాడ ఉన్నది.
మూడేండ్లు పోసి ఎండిన బోరుల నుంచి
గుంజి గట్టు మీదేసిన పైపు.
మోటరు అమ్ముకున్న గని, పైపును అమ్మబుద్ధి గాలే.
ఎందుకో నాకూ తెల్వది.

కోస్తే లోపల తెల్లటి పొర, సున్నం లెక్క,
నీళ్లు పోయినంక మిగిలిన నీళ్లు.
కనకాచారి గోటితోని గీకి జూసి ఏమనలే.
పైపు మీది జింకు గ్రైండరు వట్టి తీసేసి
పొగ తలకెక్కకుంట
బెల్లం ముక్క బుగ్గన వెట్టుకున్నడు.

మొలకు బేరింగు ట్రాలీ హబ్బుది, పాత సామాన్ల కుప్పల దొరికింది.
"మా తాత బండి గీరకు పట్టా ఎక్కిస్తుంటే
పిడకల మంటకు వాకిలంత ఎర్రగుండేది" అన్నడు,
అద్దం మొకానికి అడ్డం వెట్టుకొనే.
ఆ మాట లోపల్నే తిరిగి
డబ్బాల మాట్లాడినట్టు ఇనవడ్డది.

పొద్దుమీకినంక టైరు ఎక్కింది.
చూస్తే నంబరు ప్లేటు కనవడ్తలేదు.
మల్ల ఇప్పి, పక్కకు జరిపి, బల్బు తీగ పొడుగు జేసి,
గా పనికే ఇంకో రెండు గంటలు.
పైసలు తీసుకుంట టైరు మీద సుద్దతోని రాసిండు:
నెలకోసారి గ్రీసు.

కొండమల్లేపల్లి దాటలే, కటకట మొదలైంది.
దిగి చూస్తే కొక్కెం కాడ సందు, ఏలు పట్టేంత.
పాత ట్యూబు ముక్క మడిచి కుక్కిన.
చప్పుడు ఆగింది గని
ఇంటిదాక చెవులు ఎనుకనే ఉన్నయి.

ఇంటికాడ అండాలు లైటు వట్టుకొని సుట్టు జూసింది.
"తిరిగే నాలుగు కింద,
తిరగంది మీదనా?
గింత గీర దేనికి దీనికి!"
అనుకుంటనే చెయ్యి ఒక్కసారి తీసింది, ఏసింది.
మల్ల తీసింది.
చప్పుడు లేకుంట తిరుగుతుంటే
మొకం మారింది ఆమెకు.
"పైపు మనదేనా?" అన్నది.
మనదే అన్న.

పొద్దుగాల పదమూడు బస్తాలు వట్టినయి.
రివర్సు తీద్దామని నడిమి అద్దంల జూస్తే
తోవ లేదు, తోట లేదు,
అద్దం నిండ నల్లగ టైరు,
దాని మీద సగం చెరిగిన సుద్ద.
అండాలు దిగి ఎనుకకు వోయింది.
"రా... రా... ఇంకా రా...
ఆగు!"