పీక

సంగీత కళాశాల పాప ఒకతి
నోటుబుక్కు తెచ్చుకోని పుత్తూరికి, మా ఇంటికొచ్చింది.
"నలభై ఏండ్లు ఈ వృత్తిలో ఎట్లా నిలబడినారు తాతా?"

నిలబడింది యాడమ్మా?
నిలబడేది, కూర్చునేది కచ్చేరీ వాళ్ళు.
మేము నడిచినాము.
పల్లకీ ముందర, పెండ్లికొడుకు కారు ముందర,
ఒక్కోసారి వెనక్కి వెనక్కి అడుగులేస్తా,
చెప్పుల్లేకుండా, తారు రోడ్డు మీద,
వైశాఖంలో.

పాప రాసుకునింది. 'నడిచినాము' కింద గీత గీసింది.

మొదట నేను ఒత్తు పట్టినోణ్ణి.
ఆరేండ్లు. ఒకే ఒక స్వరం.
మా నాయన చెంగల్రాయుడు సన్నాయిలో ఊరంతా తిరిగొస్తాంటే
నేను గడప కాడ దీపం మాదిరి
ఆ ఒక్క 'స'ని ఆరిపోకుండా చూసుకునేవాణ్ణి.
ఊపిరి తీసుకునేది కూడా తెలియకూడదు.
ఇప్పుడా పని చేసే పెట్టె మూడు వేలకు దొరుకుతుంది,
దానికి ఆకలి లేదు, నిద్ర లేదు.
నాకు రెండూ ఉండేవి.
ఆకలికి ఆ స్వరం కొంచిం వొణికేది.
నాయన ఆ వొణుకునే పట్టుకోని
కొత్త సంగతి ఒకటి వేసేవాడు.
సృజన అంటే ఏందని నువ్వడిగితే
నాకు తెలిసింది అంతే.

ఇంకొకటి చెప్తా, ఇది రాసుకోవద్దు.
పోయిన మాఘంలో, తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం,
రాత్రి రెండున్నర ముహూర్తం.
మైకులాయన వొచ్చి చెవిలో చెప్పినాడు:
"పాట పెన్‌డ్రైవులో ఉండాది.
మీరు ఊదొద్దు. ఊదినట్టు ఉండండి.
వీడియోలో శాలువా బాగా కనపడాల."
ఎనిమిది నూర్లు ఎక్కువిస్తామన్నారు.
ఊదనందుకు ఎక్కువ!
ఒప్పుకున్నా.
ఇంట్లో గ్యాసు అయిపోయింది.
సాకు కాదమ్మా, లెక్క.

పీక నోట్లో పెట్టుకున్నా.
సన్నాయికుండేదీ పీకే, మనిషికుండేదీ పీకే.
రెండూ ఆ రాత్రి మూసుకోనుండాయి.
స్పీకర్లో ఎవురో, మదరాసులోనో యాడో,
ఎప్పుడో ఊదిపెట్టిన ఊపిరి, ఒక్క తప్పు లేకుండా.
నా వేళ్ళు కాసేపు దాని వెంబడే పోయినాయి,
తాడు కట్టిన దూడ మాదిరి.
ఎప్పుడు తప్పుకున్నాయో నాకే తెలీదు,
చూసుకుంటే ముఖారిలో ఉండాయి.
మా నాయన చివరి దినాల్లో, ఊపిరి చాలక,
మంచం పట్టె మీద వేళ్ళతోనే వాయించిన ముఖారి.
పెండ్లిలో ముఖారి!
ఎవురన్నా వినింటే తరిమి కొట్టుంటారు.

పక్కన జీవరత్నం, డోలు.
వాడూ కొట్టకుండా కొడతా ఉండాడు,
తోలుకి జానెడు పైన చెయ్యి ఆపి.
స్పీకరు తాళం ఎప్పుడో వదిలేసినాడు.
నా వేళ్ళు చూస్తా ఉండాడు.
నేను ఆగిన చోట ఆగినాడు,
అనుపల్లవి ఎత్తుకుంటే తల ఊపినాడు.
మూడు వందల మంది మధ్యలో
ఇద్దరమే వింటిమి.

కరెంటు పోలేదు.
ఎవురూ కనిపెట్టలేదు.
తాళి కట్టినారు. అక్షింతలు మా మీద కూడా పడినాయి.
డబ్బులు సరిగ్గా ఇచ్చినారు, వక్కాకుల్లో పెట్టి.

తెల్లారుజామున లీలామహల్ సర్కిల్లో టీ తాగతా
"ఆ చరణంలో రెండో ఆవర్తం,
ఇంకోసారి చూపించు మామా" అన్నాడు.
టీ గ్లాసు మీద చూపించినా.
వేళ్ళు కాలినాయి.

పాప పెన్ను మూసి చానాసేపు కూర్చునింది.
అది అబద్ధమా, నిజమా అని అడగలేదు.
అడిగుంటే నా దగ్గిర జవాబు లేదు.
"ఆ ముఖారి ఊదండి తాతా" అనింది.

కొత్త పీక, ఇంకా నోటికి అలవాటు కాలా.
నానాల. పెదవుల మధ్యన వేడెక్కాల.
చెక్క మాత్రం నాయనది, ఆయన వేళ్ళ కాడ అరిగింది.
పీకలు ఎన్ని మారినాయో లెక్క లేదు.

మొదటి ఊపిరికి
పిట్ట గొంతు పట్టుకున్నట్టు కీచుమనింది.
పాప నవ్వింది.

ఉండమ్మా, అంటి.
ఉండు.