ఆషాఢంల కెమెరా ఖాళీ

శ్రావణం దాకా ముహూర్తాలు లేవు.
పెండ్లిళ్ళు తీసి తీసి అలిసిన కెమెరా
శివనగర్‌ల మా ఇంటెనక
బట్టలుతికే బండ పక్కన
మూడు కాళ్ళ మీద నిలవడ్డది.
పైన మొగులు.
నిన్న మొగులు. మొన్న వాన.
అటుమొన్న వాన పడదు, మొగులు ఇడ్వదు,
తడి గోనెసంచి కప్పుకున్నట్టు ఆకాశం.

మాఘంల అద్దం లెక్క ఉంటది.
అప్పుడు నాకు రాత్రికి రెండు పెండ్లిళ్ళు.

పద్దెనిమిదేండ్లు,
పంతులు అరుంధతిని చూపెడుతుంటే
వేలు తీసిన, ముక్కుపుడక తీసిన,
పైకెత్తిన గదుమలు తీసిన.
వేలు చూపిన దిక్కు
ఒక్కనాడన్న కెమెరా తిప్పలే.
నర్సంపేటల ఒక పెండ్లికూతురు
ఆల్బం మొత్తం తిరగేసి అడిగింది:
"అన్నా, మేం చూసిందేదీ?"

అందుకే ఈ తిప్పలు.
పాత బీరువ తలుపు బందు ఒకటి,
రెండు చెక్కలు, నడుమ ఒక మర.
భూమి తిరిగినంత నేను మర తిప్పాలె,
నిమిషానికి ఒక్క చుట్టు,
ఊపిరి బిగవట్టి.
లెన్సుకు చెమట వడ్తది.
పెండ్లికూతుర్ల జుట్టారబెట్టే మిషన్‌తోని
దాన్నీ ఆరవెడుత.
సరిగ్గ మొగులు చిరిగి
తేలు కొండి బయటవడంగనే
కాజీపేట దిక్కు గూడ్సు బండి.
యాభై ఎనిమిది డబ్బాలు, బొగ్గు.
నేల వణికి చుక్కలన్నీ
పిల్లలు పలక మీద గీసిన వానైతయ్.

గోడవతల యాకమ్మవ్వ
కరెంటు బుగ్గ బంద్ చేసి
చీకట్లకెల్లి అడుగుతది:
"కనవడ్తాందా బిడ్డా?"
అప్పటికే మూసుకపోయింది.
"ఆ, కనవడ్తాంది" అంట.
ముసలామె నా కోసం
తడుముకుంట నడుస్తాంది మరి.

ఇరవై మూడు రాత్రులు.
పనికొచ్చినయి పదకొండు ఫోటోలు.
ఒకదాని మీద ఒకటి పేర్చిన.
చెత్త చుక్కలు ఫోటోకో చోట తేలుతయ్,
పేర్చిన కొద్దీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయ్.
ఉన్నది ఉన్నచోటనే ఉంటది.
మూల చుక్క నుంచి జానెడు లోపు పైకి,
కొంచెం ఎడమకు,
పొయ్యి మీద ఊదినట్టు ఇంత పొగ.
నెబ్యులా!
పుస్తకంల ఎర్రగుంటది. నాకు బూడిదే దొరికింది.
తర్వాత తెలిసింది,
మనిషి తోలు తోలు రంగుల కనవడాలని
కెమెరా కడుపుల ఒక అద్దం పెడతరట,
ఆ ఎరుపును అదే ఆపుతదట.
నాకు కూడు వెట్టిన అద్దం.
పీకెయ్యమని చెప్పిండ్రు. చెయ్యి రాలే.

ఇంకో మూలకు పసుప్పచ్చటి మబ్బు.
పదకొండింట్లనూ ఉన్నది, ఒక్క చోటనే.
రెండ్రోజులు సంబురపడ్డ, పేరు వెతికిన.
లెన్సు ఊడదీసి వెనక తుడిస్తే పోయింది.
ఎవరి నలుగుదో, పసుపు.

శ్రావణం.
మొదటి ముహూర్తం రాత్రి రెండు నలభైకి,
హసన్‌పర్తి రోడ్డు మీద ఫంక్షన్ హాలు.
ఒక్క మొగులు తునుక లేదు.
పంతులు జంటను బయటికి తోలుకొచ్చి
ఉత్తరానికి వేలెత్తిండు.
ఈ నెలల, ఈ వేళకు
అరుంధతి నేల కిందికి దిగిపోయి ఉంటది.
నాకిప్పుడు తెలుసు.
"కనవడ్తాందా అమ్మా?"
పిల్ల పిలగాని మొఖం చూసింది.
పిలగాడు పంతులు వేలు చూసిండు.
"ఆ, కనవడ్తాంది."

కొట్టిన.
వాండ్లు లోపలికి మళ్ళినంక ఇంకొకటి,
ఫ్లాష్ బంద్ చేసి, వేలు చూపిన దిక్కు.
చెయ్యి వణికింది.
ఐదారు చుక్కలు, అన్నీ గీతలే.
ఆల్బంల పెడుత.