ముందు బోల్తా పడటం నేర్పారు

ఇరవై రెండేళ్ళుగా ఫెర్రీలో టికెట్లు చింపుతున్నాను.
దాల్కావే నుంచి కించావోకి,
కించావో నుంచి దాల్కావేకి.
సముద్రమంటే నాకు
చిల్లర లెక్కపెట్టుకునేంత వెడల్పు.

మరో నలుగురితో, నాలుగు రోజులు
చావ్‌కెస్ దీవుల దాకా తెడ్డేసుకుంటూ పోతానని
ఏ మైకంలో పేరిచ్చానో!

ఆలిచిప్పలు సాగుచేసే నోల్బెర్తో మాకు గురువు.
మొదటి ఆదివారం తెడ్డు చేతికే ఇవ్వలేదు.
నడుముకి రబ్బరు పావడా తొడిగి
దాని అంచు కయాక్ నోటికి బిగించి
'ఇక తిరగబడు' అన్నాడు,
వెళ్ళి తలుపేసి రా అన్నంత మామూలుగా.

తలకిందుల సముద్రంలో ఏ చప్పుడూ లేదు.
ఆకుపచ్చటి చలి. ముక్కు నిండా ఉప్పు.
పడవ పొట్ట మీద మూడుసార్లు తట్టాలి,
ఆ తర్వాతే పావడా పట్టీ లాగాలి.
నేను తట్టలేదు.
లాగాను, తన్నాను, గీరాను,
మా అమ్మమ్మ వాడే బూతులన్నిటితో పైకి తేలాను.
ఒడ్డున ఒక ముసలి కుక్క తప్ప అందరూ నవ్వారు.

రెండోసారి ఒక్కసారి తట్టాను.
ఐదోసారికి మూడూ తట్టాను.
ఆ మూడు తట్టులంత సేపు
ఆగడమేనట మొత్తం చదువు.

తర్వాత సర్దుడు.
కయాక్ మూత సూపు పళ్ళెమంత.
అందులోంచి పట్టనిది ఇంట్లోనే ఉండాలి.
నా దిండు ఓడిపోయింది.
లెక్కల టీచరు సునిల్డా
బంగాళాదుంపలు తూచే కాటా తెచ్చి
నా సబ్బుపెట్టెని కూడా తూచింది.
బరువైనవి వెన్ను దగ్గర, తేలికవి కొసల్లో.
మనిషికి పన్నెండు లీటర్ల మంచినీళ్ళు,
చుట్టూ అన్ని నీళ్ళుండగా!

పడవలో మధ్యలో... ఆడవాళ్ళకి అదెలా అని
ఆమె చెవిలో అడిగాను.
షెడ్డంతా వినపడేలా చెప్పింది.
ఎలియాసర్ గుడారం కర్రలు లెక్కపెట్టడం మానేసి
కప్పుకేసి చూశాడు, పాపం.

ఫ్రిజ్ తలుపుకి ఆటుపోట్ల పట్టిక అంటించాను.
ఏ గంటకి ఎన్ని మీటర్లు.
ఇన్నాళ్ళూ నాకు పోటంటే
ఫెర్రీ ర్యాంపు ఎంత వాలిందన్నదే.
అది రెండంతస్తుల ఇల్లంత నీరని,
రోజూ రెండుసార్లు లేచి కూర్చుంటుందని
అంకెల్లో చూస్తే గానీ భయపడటం చేతకాలేదు.

పంపకాల దగ్గర పొయ్యి సునిల్డాకి,
గ్యాసు ఎలియాసర్‌కి,
అగ్గిపెట్టెలు, మందులు నోల్బెర్తోకి,
గుడారాలు ఓలా బార్రియాకి.
అందరి వంటగిన్నె నాకు.
అందరికన్నా వెనకపడేది నేనే కదా,
నాకెందుకని గొణిగాను.
నోల్బెర్తో తాడు ముడి వేస్తూ
తలెత్తకుండానే అన్నాడు:
'అందుకే.'

ఆ గిన్నెలో ఉల్లిపాయలు కుక్కాను,
ఉల్లిపాయల చుట్టూ మేజోళ్ళు,
మేజోళ్ళలో ఎవరికీ చెప్పని చాక్లెట్.
మూతకి తాడు కట్టాను.
విప్పి మళ్ళీ కట్టాను.

రాత్రి రేకుల కప్పు మీద వాన.
నిద్రలో మంచం పట్టెని తడుతున్నానని
తర్వాత మా ఆయన చెప్పాడు.
ఎన్నిసార్లని అడిగితే లెక్కపెట్టలేదన్నాడు.

తెల్లవారుజామున ఫోను.
'ఉత్తరపు గాలి లేచింది. రేపు చూద్దాం.'

హమ్మయ్య అనుకోవాలి నేను.
నెల రోజులుగా ఇలాంటి ఫోనుకే మొక్కుకున్నాను.
కోపమొచ్చింది.
ఎవరి మీదో తెలియదు,
చెప్పులు కాళ్ళకి తగిలించుకోలేనంత కోపం.

డ్యూటీకి పోయి టికెట్లు చింపాను.
అలలు ర్యాంపు మీదికి ఎక్కుతున్నాయి.
ఒకావిడ చిల్లర కోసం చెయ్యి చాపి
రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

గిన్నెని వంటింట్లోకి తిరిగి తీసుకెళ్ళలేదు.
గుమ్మం దగ్గరే ఉంది, తాడుతో సహా.
ఈ పూట చారు చిన్న గిన్నెలోనే కాచాను.